సాంచల కాడ ఎంగిలి లేదు

మా మామ పర్శరాములు మంచోడని సిరిసిల్లలో ఎవరిని అడిగినా చెప్తారు. నన్ను మాత్రం అడగకండి.

ఆయన మా అవ్వకు, అంటే నన్ను కన్నతల్లికి, సొంత తమ్ముడు. చిన్నప్పుడు నన్ను సంకనేసుకుని జాతరలన్నీ తిప్పినవాడు. ఒకప్పుడు తానూ కూలికి సాంచలు నడిపి, తర్వాత ఒక్కొక్క సాంచ కొనుక్కుంటూ కార్ఖానా పెట్టుకున్నాడు. సాంచ అంటే మరమగ్గం. మా ఊళ్ళో మరమగ్గం అనే మాట పేపర్లో తప్ప ఎక్కడా వినిపించదు. పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళకు మామ మొట్టమొదట ఒక మాట చెప్పేవాడు: "సాంచల కాడ ఎంగిలి లేదు బిడ్డా. సేటు లేడు, కూలోడు లేడు. అందరం ఒక్కటే." చెప్పి తన గ్లాసులో నీళ్ళు వాళ్ళకిచ్చి, మిగిలినవి తాను తాగేవాడు. ఆ మాటకు కూలీలు మురిసిపోయేవాళ్ళు. నేనూ మురిసిపోయినదాన్నే.

నాకు ముక్కు మీదే కోపం అంటారు. అంటే అననీయండి. సర్కారు బతుకమ్మకు పంచే చీరలు నేసే సీజన్‌లో జరిగింది విన్నాక మీ కోపం ఎక్కడ కూర్చుంటుందో మీరే చూసుకోండి.

మా ఆయన భూమేశ్ మామ కార్ఖానాలోనే సాంచలు నడుపుతాడు. సాంచకు ప్రాణం నాడె. కర్రతో చేసి రెండు కొసలకు ఇనుప మొనలు తొడిగిన చిన్న పడవలాగా ఉంటుంది. దాని కడుపులో నూలు చుట్టిన కండె కూర్చుంటుంది. సాంచ నడుస్తున్నంతసేపూ నాడె ఈ కొస నుంచి ఆ కొసకు దబదబా కొట్టుకుంటూనే ఉంటుంది. అది ఎగిరి బయటపడకుండా అడ్డంగా ఒక ఇనుప కడ్డీ ఉండాలి. తెగిన పోగు ముడేసేటప్పుడు కడ్డీ చేతికి అడ్డం వస్తోందని, బట్ట తక్కువ దిగుతోందని మామ ఆ కడ్డీలన్నీ ఎప్పుడో పీకించేశాడు. నాడెను కొట్టే తోలుపట్టీ అరిగిపోయిందని మా ఆయన చెబితే "చూద్దాం తీ" అన్నాడు. చూస్తూనే ఉన్నాడు.

ఎండాకాలం చివర ఒక మధ్యాహ్నం నాడె ఎగిరింది. మా ఆయన పై పెదవి మీద తగిలింది. ముందు పళ్ళు నాలుగు, వాటిని పట్టుకున్న ఎముకతో సహా ఊడి, నేస్తున్న బట్ట మీద పడ్డాయి. బట్ట ఖరాబైందే అన్నవాడు కూడా అక్కడున్నాడు. ఎవరో చెప్పను. మంచోడు కదా.

పళ్ళు పోతే ఏమైంది, చేతులు బాగానే ఉన్నాయి కదా అని మీరనొచ్చు. కార్ఖానా లోపల ఒక్కసారి నిలబడి చూడండి. చెవి దగ్గర అరిచినా వినపడదు. అక్కడ మనుషులు పెదవులతో మాట్లాడుకుంటారు. గొంతు అక్కర్లేదు, పెదవులు ఆడిస్తే చాలు, ఎదుటివాళ్ళు చదువుకుంటారు. పెండ్లికి ముందు నేను ఆ కార్ఖానాలో కండెలు చుట్టేదాన్ని. ఇప్పుడంటే ఇంట్లో బీడీలు చేస్తున్నాను గానీ, ఆ రోజుల్లో ఈ మనిషి ఆ మూల సాంచల నడుమ నుంచి "ఛాయ్ తాగినవా?" అని పెదవులతో అడిగేవాడు. నేను తలొంచుకుని "నీకెందుకు?" అనేదాన్ని. మా పెండ్లి మాటలన్నీ గొంతు లేకుండానే జరిగాయి. బయట ఆయన నోట్లో నాలుక లేని మనిషి. ఆ మోతలోనే బాగా మాట్లాడేవాడు.

నాడె తగిలాక పై పెదవి లోపలికి పోయింది. మొహానికి తువ్వాల కట్టుకున్నాడు. తినేటప్పుడు గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. చుట్టాలింటికి రమ్మంటే రాడు. నవ్వొస్తే లేచి బయటికి పోయేవాడు. నాతో కూడా చేతులతోనే సైగలు మొదలుపెట్టాడు. నాకు ఏడుపు రాలేదు, మంట పుట్టింది. నేరుగా మామ ఇంటికి పోయి, వాకిట్లో నిలబడి, నలుగురూ వినేలా పంచాయితీ పెట్టాను. నలుగురూ విన్నారు గనుక మామ మా ఇద్దరినీ తన కారులో కరీంనగర్ పళ్ళ దవాఖానకు తీసుకుపోయాడు. ఖర్చంతా తనదే అన్నాడు. ఆ సంగతి మేము కరీంనగర్ చేరకముందే సిరిసిల్ల అంతా తెలిసిపోయింది.

డాక్టరమ్మ పేరు నవ్యశ్రీ. చిన్న వయసు. ఫొటో తీసి చూసి, మా ఆయన తువ్వాల కింద గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"పళ్ళు పెట్టాలంటే కింద ఎముక ఉండాలమ్మా. గోడే లేకపోతే మొల ఎక్కడ కొడతాం? ఈయనకు ఇక్కడ ఎముక పోయి గుంట పడింది. ముందు అక్కడ ఎముక నింపాలి."

"ఎవలి ఎముక?" అన్నాను.

"ఆయనదే. గడ్డం లోపల్నుంచి కొంచెం తీస్తాం. దానికి ఎముక పొడి కలిపి గుంటలో నింపి, పైన పల్చటి పొర కప్పి, చిగురు దగ్గరికి లాగి కుట్లేస్తాం. అది సొంత ఎముకతో కలిసి గట్టిపడేసరికి నెలలు పడుతుంది. కలిసిందా, దాంట్లో మరలు బిగించి పళ్ళు పెట్టొచ్చు. ఊడవు. కొరకొచ్చు, నవ్వొచ్చు."

నవ్వొచ్చు అన్నప్పుడు మా ఆయన కళ్ళు ఆమె మీదికి లేచాయి. నేను చూశాను.

ఆషాఢంలో ఆపరేషన్ అయింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. "కుట్లు మానేదాకా చాలా జాగ్రత్త. బీడీ, గుట్కా అస్సలు వద్దు. గట్టిగా ఉమ్మొద్దు, ముక్కు గట్టిగా చీదొద్దు. నాలుకతో కుట్లు కెలకొద్దు. స్ట్రాతో ఏమీ తాగొద్దు. స్ట్రాతో పీలిస్తే లోపల గుంజినట్టయి కుట్లు ఊడతాయి. నింపిన ఎముక బయటికి వచ్చేస్తుంది. అర్థమైందా?"

అన్నింటికీ తలూపాడు. నేనూ తలూపాను. స్ట్రా మాటకైతే నాకు నవ్వే వచ్చింది. కొబ్బరిబొండం ఇచ్చినా ఎత్తి గటగటా తాగి మీసం తుడుచుకునే మనిషికి స్ట్రా ఎక్కడిది?

మొహం గుమ్మడికాయంత వాచింది. తర్వాత మెల్లగా దిగింది. జావ, మెత్తటి అన్నం, పచ్చిపులుసు. ఒక సాయంత్రం నేను వాకిట్లో చాట ముందేసుకుని బీడీలు చేస్తుంటే ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. తువ్వాల కొంచెం దించి, గొంతు లేకుండా పెదవులు ఆడించాడు. ఛాయ్ తాగినవా?

"నీకెందుకు?" అన్నాను. చేతిలో ఉన్న బీడీకి దారం వంకరగా చుట్టుకుంది. అట్లాగే కట్టలో వేసేశాను.

ఆ వారంలోనే మామ వచ్చాడు. చేతిలో యాపిల్ పండ్లు. కొరకడానికి పళ్ళు లేనివాడికి యాపిల్ పండ్లు.

"సర్కారు చీరల ఆర్డరొచ్చింది కోడలా. బతుకమ్మకు ముందల అప్పజెప్పాలె. మనుషులు దొరుకుతలేరు. మస్తు పరేషాన్‌ల ఉన్న. భూమేశ్ వచ్చి జర నిలబడితే చాలు."

"కుట్లు ఇంక పచ్చిగనే ఉన్నయి మామా."

"చేతులకేమాయెనే? దెబ్బ నోటికి తాకింది. సాంచల కాడ నోటితోని ఏం పని?"

నేను ఏదో అనబోయాను. మా ఆయన నా మోచేయి పట్టుకున్నాడు. "ఊకో రోజా. పోతా. ఇన్ని దినాలు చూసిండు గదా."

ఈ 'ఊకో' అనే మాట మా ఇంట్లో ఉప్పు కంటే ఎక్కువ ఖర్చవుతుంది. నేను ఊరుకున్నాను. సాంచల దగ్గర నోటితో ఏం పని అని మామ అంటే, నేతలో పుట్టిన సాలోళ్ళం ముగ్గురం అక్కడ కూర్చుని, అవును గదా అనుకున్నాం.

శ్రావణం మొదలైంది. ఒక పొద్దున మొహం కడుక్కుంటూ మా ఆయన తడి చేతులతోనే నా దగ్గరికి వచ్చాడు. అరచేతిలో ఉమ్మి, దాంట్లో తెల్లటి రవ్వలు.

"నోట్ల ఇసుక తాకుతుందే."

ఫోన్ లైటు వేసి చూశాను. కుట్లు రెండు ఊడి చిగురు నోరు తెరిచింది. లోపల తెల్లటి పొర అంచు కనిపిస్తోంది. దాని చుట్టూ వాపు, వాసన. అప్పటికప్పుడు కరీంనగర్ బస్సెక్కాం.

డాక్టరమ్మ చూసి మొహం మాడ్చుకుంది. "బీడీ తాగుతున్నాడా?"

"తాగడు. చిన్నప్పటి నుంచి తాగలే."

"పొగాకు వాసన వస్తోందమ్మా. దాచొద్దు."

"గది నా వాసన. నేను బీడీలు చేస్త. తానం చేసినా పోదు."

నమ్మలేదు. ఇంక రెట్టించి అడగలేదు. లోపల అంతా కడిగి, ఊడినది తీసేసి, మళ్ళీ కుట్టింది. బయటికొచ్చి చెప్పింది. "సగం పోయింది. మిగిలిన సగం నిలబడితే, చలికాలంలో పైన ఇంకొంచెం వేసి సరిచేయొచ్చు. అది కూడా పోతే కష్టం. మళ్ళీ మళ్ళీ కోస్తే కప్పడానికి చిగురు కూడా మిగలదు. ఇక పళ్ళ మాట మర్చిపోవాల్సిందే."

తిరుగు బస్సులో మా ఆయన కిటికీ వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. సిరిసిల్ల దాకా తువ్వాల దించలేదు. మర్నాడు మళ్ళీ పనికి పోయాడు.

వారం తిరక్కముందే బీడీలు అప్పజెప్పే దగ్గర బాలలక్ష్మి అత్త కలిసింది. మామ భార్య. ఆమె బీడీలు చేయడం ఎప్పుడో మానేసింది. ముచ్చట్లకు వస్తుంది. దవాఖాన ఖర్చు మామది గనుక డాక్టరమ్మ అనుమానం వాళ్ళింటి దాకా పోయినట్టుంది. ఆడవాళ్ళంతా వరుసలో ఉండగా గొంతు పెంచి అన్నది. "మా ఆయన గంత మంచిగ దవాఖానల చూపిస్తె, నీ మొగడు బీడీలు తాగి ఖరాబు జేసుకున్నడట గదనే? ఇంట్ల పెండ్లామే చేసిస్తుండె, ఇగ తక్కువేంది."

వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఒకామె. నాకూ అట్లాగే అయింది. కుట్లు ఊడిన రోజు ఓర్చుకున్నాను. ఆ నవ్వు ఓర్చుకోలేకపోయాను. నాడె ఎగిరింది వాళ్ళ కార్ఖానాలో. కడ్డీ పీకించింది వాళ్ళు. చివరికి తప్పు నా చాటలోకి వచ్చి పడింది.

ఇంటికొచ్చి ఆయన్ని నిలదీశాను. "నిజం చెప్పు. కార్ఖానల ఎవలన్న ఇస్తున్నరా? పక్క సాంచల వెంకటి తాగుతడు గదా, ఆయన ఇస్తుండా?"

లేదని తలూపాడు. నేను నమ్మనట్టు చూస్తే, పోయి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం సద్ది గిన్నె తీసుకుని చెప్పకుండా కార్ఖానాకు పోయాను. ఎవడు బీడీ ఇస్తున్నాడో పట్టుకుని, వాడి చొక్కా గల్లా గుంజి, మామ ముందుకు ఈడ్చుకుపోవాలని పోయాను. తలుపు దగ్గర నిలబడ్డాను. సాంచలన్నీ మోగుతున్నాయి. గాలి నిండా నూలు పొట్టు. మా ఆయన నాకు పక్కగా ఉన్నాడు, నన్ను చూడలేదు. పక్కనే వెంకటి. ఎవరి నోట్లోనూ బీడీ లేదు.

ఒక సాంచ కండె అయిపోయి ఆగింది. మా ఆయన ఇంకో నాడె అందుకుని, దాంట్లో నిండు కండె కూర్చోబెట్టి, తువ్వాల దించి, నాడె పక్కనున్న చిన్న కంతకు పెదవులు ఆనించాడు. బుగ్గలు లోపలికి పోయాయి. నూలు కొస కంతలోంచి ఆయన నోట్లోకి వచ్చింది. దాన్ని వేళ్ళతో గుంజి, పొట్టు తుపుక్కున ఉమ్మి, నాడె సాంచలో పెట్టి నడిపించాడు. ఈలోపు పక్క సాంచ ఆగింది. మళ్ళీ నాడె, మళ్ళీ పెదవులు, మళ్ళీ బుగ్గలు.

నేను సద్ది గిన్నె కింద పెట్టాను.

పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. మా బాపు అట్లాగే చేసేవాడు. మామ చేసేవాడు. పొద్దుటి షిఫ్టువాడు పెదవి ఆనించిన నాడెకే రాత్రి షిఫ్టువాడూ ఆనిస్తాడు. సాంచల కాడ ఎంగిలి లేదనే మాట పుట్టింది అక్కడే. దాన్ని మేము పీల్చుడు అనం, నాడె ఎక్కించుడు అంటాం. అన్నం తినడాన్ని దవడ ఆడించడం అని ఎవరైనా అంటారా? అందుకే డాక్టరమ్మ స్ట్రా అన్నప్పుడు మాకు కూల్‌డ్రింక్ సీసా కనిపించింది తప్ప నాడె కనిపించలేదు. ఉమ్మొద్దు అన్నప్పుడూ కనిపించలేదు.

బయటికొచ్చి డాక్టరమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

"రోజుకు ఎన్నిసార్లు?" అంది.

"ఎవలు లెక్కవెడ్తరు మేడం? కండె అయిపోయినప్పుడల్ల."

"వెంటనే ఆపించండమ్మా. ఇవాళే. కుట్లు ఇంకొక్కసారి ఊడితే నేను చేయగలిగింది ఏమీ ఉండదు." గొంతు తగ్గించింది. "బీడీ అన్నాను. తప్పయింది."

ఆమె ఒక్కతే అన్నది ఆ మాట. చెప్పుకోవాలి కదా.

లోపలికి పోయాను. కార్ఖానా మూలన మెయిన్ స్విచ్ డబ్బా కింద మామ బల్ల ఉంటుంది. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని కూర్చున్నాడు. చెవి దగ్గరికి వంగి, గొంతు చించుకుని, జరిగింది చెప్పాను. విన్నాడు. ఆశ్చర్యపోతాడనుకున్నాను. ఆశ్చర్యపోలేదు. బల్ల సొరుగు లాగి చూపించాడు. లోపల సన్నటి ఇనుప కొక్కాలు, ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. నా చెవిలో అరిచాడు.

"నాడె ఎక్కిచ్చే కొక్కాలు గివి. ఎన్నడో భివండి నుంచి తెప్పిచ్చిన. వీటితోని ఎక్కిస్తె ఒక్కొక్క నాడెకు గింతసేపు పడ్తది. ఆర్డర్ ఎట్ల ఒడుస్తది? బతుకమ్మ కానీ, అప్పుడు చూద్దాం తీ."

ఉన్నాయి. సొరుగులోనే ఉన్నాయి. నా ఇంట్లో కూర్చుని నోటితోని ఏం పని అన్నవాడి సొరుగులో.

పక్క సాంచ మీద నిండు కండెతో నాడె ఒకటి తయారుగా ఉంది. అది తీసి ఆయన నోటి దగ్గర పెట్టాను. "ఎక్కియ్యి మామా! ఒక్కటి ఎక్కియ్యి! నోటితోనైతే జల్దీ అయితది గదా!" అని అరిచాను. ఆయనకు వినపడిందో లేదో, తల వెనక్కి గుంజుకున్నాడు. నేను ఇంకా ముందుకు పెట్టాను. ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టి, మొహమంతా ఎర్రగా చేసుకుని ఏదో అరవడం మొదలుపెట్టాడు. ఆ మోతలో ఒక్క ముక్క వినపడలేదు.

తలెత్తితే సాంచల అవతల మా ఆయన. మమ్మల్నే చూస్తున్నాడు. ఊకో అంటాడు, ఇంకేమంటాడు అనుకున్నాను. తువ్వాల పూర్తిగా కిందికి లాగేశాడు. గుంటపడిన పెదవి, వాచిన చిగురు, అందరికీ కనపడేలా. పెదవులు రెండు కలిపి విడదీశాడు.

బంద్ జెయ్.

మామ తల మీదుగా చేయి చాచి మెయిన్ కిందికి గుంజాను.

సాంచలు ఒక్కసారిగా చచ్చిపోయాయి. మామకు ఆపుకోవడానికి వ్యవధి దొరకలేదు. అరుస్తున్న మాటలో మిగిలిన సగం ఆ నిశ్శబ్దంలో అందరి చెవులా పడింది.

"...కూలోళ్ళందరు నాకిన ఎంగిలిది నా నోట్ల వెడ్తవానే!"

వెంకటి చేతిలో నాడె ఉంది, అప్పుడే పెదవుల దాకా తెచ్చాడు. దాన్ని దించి, చూసి, నేల మీద పెట్టాడు.

"ఎంగిలిదా సేటూ?"

"గట్ల గాదురా... నా మాట..." అని మామ అందరి వైపూ చూశాడు. ఎవరూ చూడలేదు. లేచి, తన చేత్తోనే మెయిన్ పైకి వేశాడు. "నడువుండ్రి! పని చూడుండ్రి!"

సాంచలు మళ్ళీ మోగాయి. పనివాళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారు. కండెల్లో మిగిలిన నూలు ఉన్నంతసేపూ నడిచాయి. తర్వాత కిటికీ దగ్గరిది ఆగింది. దాని పక్కది ఆగింది. ఒక్కొక్కటే ఆగుతూ ఆగుతూ, చివరిది కూడా ఆగింది. నాడె ఎక్కించడానికి ఎవరి నోరూ వంగలేదు. అప్పుడు మామ సొరుగు లాగాడు. కవరు చింపి కొక్కాలు బల్ల మీద పోశాడు. నాకు జాలి కలగలేదు.

కొక్కాలతో పని రెండు రోజుల్లో అలవాటైంది. ఆర్డర్ కొంచెం ఆలస్యంగానే అయినా అందింది, ఆకాశమేమీ విరిగి పడలేదు. మా ఆయన కుట్లు మానాయి. మిగిలిన సగం ఎముక నిలబడింది. చలికాలంలో ఇంకొంచెం వేయాలి. పళ్ళు రావడానికి ఇంకా కాలముంది.

సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్ళ మధ్య ఒకామె నాతో అన్నది. "మీ మామ ఎంత మంచోడే! కూలోళ్ళ నోళ్ళు ఖరాబైతున్నయని భివండి నుంచి కొక్కాలు తెప్పిచ్చిండట!"

బతుకమ్మ దింపి పక్కన పెట్టాను. సర్కారు ఇచ్చిన కొత్త చీర కట్టుకుంది ఆమె. ఎవరి సాంచ మీద నేసిందో, ఎవరి నోటి నూలో.

"తెప్పిచ్చింది ఆయననే అక్కా," అన్నాను, అత్తకు కూడా వినపడేంత గట్టిగా. "కవరు చింపిచ్చింది మా భూమేశ్. గది గూడ చెప్పు, చెప్పెటప్పుడు."